నీడ ఉన్న తొక్కుడు బండికి రోడ్డు మీద చోటివ్వండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల రవాణా శాఖ, పురపాలక శాఖ, ట్రాఫిక్ పోలీసు అధికారులకు, దివ్యాంగుల సంక్షేమం చూసేవారికి, నగరపాలక, పురపాలక కమిషనర్లకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. ఏడాదిన్నరలో మూడు అర్జీలు పెట్టుకున్నాను. రెండింటికి రసీదు ఇచ్చారు, మూడోదానికి అదీ లేదు. జవాబు మాత్రం ఒక్కదానికీ రాలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను. ఆ అర్జీల్లో నేను డబ్బు అడగలేదు, స్థలం అడగలేదు. కాళ్లతో తొక్కే మూడు చక్రాల బండికి పైన కప్పు వేసుకుంటే అది సైకిలు కిందికి వస్తుందా రాదా, ఆ ఒక్క ముక్క కాగితం మీద రాసివ్వమన్నాను.

ఐటీఐలో 31 ఏళ్లు ఫిట్టరు ట్రేడు చెప్పి రిటైరయ్యాను. మాది గోదావరి డెల్టాలో ఒక పట్టణం. ఊరంతా చదును, ఎత్తంటే కాలవల మీది వంతెనలే. ఊహ తెలిసినప్పటి నుంచీ సైకిలు మీదే తిరిగాను. రిటైరైన ఏడాదికి లోపలి చెవి జబ్బు వల్ల తల తిరగడం మొదలైంది. రెండు చక్రాల బండి ఎక్కనే ఎక్కొద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. కారు కొనే స్తోమత లేదు. రోజూ ఆటోకి పెట్టుకోవాలంటే పెన్షనుకి భారం. పైగా తొక్కడం మానేస్తే మోకాళ్లు బిగుసుకుపోతాయని భయం. నా దగ్గర చదువుకున్న కుర్రాడు ఒకడు వెల్డింగ్ షాపు నడుపుతున్నాడు. వాడూ నేనూ కలిసి నాలుగు నెలలు కూర్చుని మూడు చక్రాల బండి ఒకటి తయారు చేశాం.

ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. కుర్చీలో కాస్త వెనక్కి వాలి, కాళ్లు ముందుకి చాపి తొక్కాలి. వెడల్పు 80 సెంటీమీటర్లు, పొడవు 2.2 మీటర్లు, బరువు 41 కిలోలు. ముందు చక్రాలకి డ్రమ్ము బ్రేకులు పెట్టాం. మోటారు లేదు. మొత్తం 27 వేల చిల్లర అయింది. ఇప్పటికి 5,200 కిలోమీటర్లు తిరిగాను. మా ఇంటి నుంచి రైతు బజారు 4 కిలోమీటర్లు, 17 నిమిషాల్లో వెళతాను. కూరలే కాదు, 30 కిలోల దాకా తూగే నిండు గ్యాసు సిలిండరు కూడా సీటు వెనక కట్టుకుని తెచ్చుకున్నాను.

కప్పు సంగతి వివరంగా చెప్పాలి. ఇలాంటి బండి మన ఎండలకి పనికొస్తుందా రాదా అన్నది ఆ కప్పు మీదే ఆధారపడి ఉంది. విదేశాల్లో తిరిగే బళ్లు చూసి మొదట మేమూ పాలికార్బనేట్ షీటుతో చుట్టూ మూసేశాం. సంక్రాంతి రోజుల్లో బాగానే ఉంది. ఉగాది వచ్చేసరికి లోపల పావుగంట కూర్చోలేకపోయాను. కారణం కష్టమైనదేం కాదు. మనిషి పెడలు మీద 100 వాట్ల పని చేస్తే ఒంట్లో అంతకు మూడు నాలుగు రెట్లు వేడి పుడుతుంది. ఆ వేడి బయటికి పోవాలంటే చెమట ఆరాలి, చెమట ఆరాలంటే గాలి ఆడాలి. పక్కలు మూసేస్తే ఆ దారి మూసుకుపోతుంది.

షీట్లన్నీ ఊడదీశాం. పైన తెల్ల రంగు వేసిన పల్చటి అల్యూమినియం రేకు, దాని కింద 3 సెంటీమీటర్ల ఖాళీ వదిలి వెదురు తడిక. బండి కదులుతుంటే ఆ ఖాళీలోంచి గాలి ముందు నుంచి వెనక్కి పోతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం రేకు మీద అరచెయ్యి ఆనించి ఉంచలేం. అదే తడిక అడుగున చెయ్యి పెడితే గోరువెచ్చగా తగులుతుందంతే. ముందు ఛాతీ ఎత్తు దాకా అద్దం లాంటి షీటు, దాని కింద నుంచి పాదాలకి గాలి. పక్కలకి రెక్సిన్ పరదాలు చుట్టి బకిల్సు పెట్టాం. వాన వస్తే ఒక చేత్తో లాగితే కిందికి జారతాయి. వెనకటి రిక్షా టాపుకి కట్టిన పరదా పద్ధతే ఇది, కొత్తగా నేను కనిపెట్టింది ఏమీ లేదు.

ఒక కార్యాలయంలో నన్ను, ఇలాంటి బండి లోకంలో ఎక్కడైనా ఉందా అని అడిగారు. ఉంది, వందేళ్ల నుంచీ ఉంది. ఫ్రాన్సులో చార్లెస్ మోషే అనే ఆయన 1920లలో కొడుకు కోసం నాలుగు చక్రాల పెడలు బండి చేశారు. అది చూసి పెద్దవాళ్లూ అడిగితే 'వెలోకార్' పేరుతో తయారు చేసి అమ్మారు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు కరువైనప్పుడు ఆ బళ్లకి బాగా గిరాకీ వచ్చింది. మోషే చేసిన వాలి తొక్కే రెండు చక్రాల బండి మీద ఫ్రాన్సిస్ ఫోర్ 1933లో గంటలో 45 కిలోమీటర్ల పైగా తొక్కి రికార్డు కొట్టాడు. మరుసటి ఏడాదే అంతర్జాతీయ సైకిల్ సమాఖ్య 'సైకిలు అంటే ఇలా ఉండాలి' అని కొత్త నిర్వచనం రాసి, అలాంటి బళ్లను పోటీల నుంచి తప్పించింది. బండిలో లోపం లేకపోయినా ఒక్క నిర్వచనంతో దాన్ని పక్కన పెట్టేశారు. నాకు ఎదురైనదీ అదే గనక ఈ సంగతి ఇక్కడ రాశాను.

నెదర్లాండ్స్‌లోని డ్రోంటెన్ అనే ఊరి సంస్థ ఒకటి 2000లో 'క్వెస్ట్' అనే మూడు చక్రాల బండి తెచ్చింది. తల తప్ప ఒళ్లంతా బండి చుట్టూ తొడిగిన గుల్ల లోపల ఉంటుంది, బరువు సుమారు 35 కిలోలు. అక్కడి చలిలో, వానలో దాని మీద ఉద్యోగాలకి వెళ్లి వస్తారు. ఆ గుల్ల ముఖ్యంగా వేగం కోసం. వేగం రెట్టింపైతే గాలిని చీల్చుకుపోవడానికి ఎనిమిది రెట్ల శక్తి కావాలి. గంటకి 35, 40 కిలోమీటర్లు పోయేవాళ్లకి గుల్ల ప్రాణం. మా ఊరి రోడ్ల మీద 15 కిలోమీటర్లు దాటని నాకు దాని వల్ల మిగిలేది తక్కువ. కాబట్టి మనకి కావలసింది పూర్తిగా మూసిన బండి కాదు, నీడా గాలీ రెండూ ఉన్న బండి.

అంత దూరం పోనక్కర్లేకుండా మన ఊళ్లలోనే కప్పున్న తొక్కుడు బండి ఉండేది. స్కూలు రిక్షా గుర్తుందా? రేకుల డబ్బా, లోపల ఎదురెదురుగా రెండు బల్లలు, కిటికీలకి అడ్డ ఊచలు, బయట కొక్కేలకి వేలాడే క్యారేజీలు, వాటర్ బాటిళ్లు. ఆ డబ్బాలో కూర్చుని బడికి వెళ్లినవాళ్లు ఇవాళ మీ కార్యాలయాల్లో చాలామందే ఉంటారు. ఆ డబ్బాకి కప్పు ఉండేది. ముందు కూర్చుని పదిమంది పిల్లల్ని లాగే మనిషికి ఉండేది కాదు. తలపాగా ఒకటే ఆయనకి నీడ. నలభై ఏళ్లు గడిచినా ఆ తేడా ఇప్పటికీ అలాగే ఉంది. ఈ ఉత్తరం అందుకే.

ఇక నాకు జరిగినది. కిందటేడు ఒక పొద్దున సెంటర్లో కానిస్టేబుల్ ఆపాడు. మర్యాదగానే మాట్లాడాడు.

"మాస్టారూ, దీనికి నంబరేదండి?"

"సైకిలు బాబూ, నంబరు ఉండదు."

"సైకిలుకి కప్పు ఉండదు కదండీ."

స్టేషనులో రెండు గంటలు కూర్చోబెట్టి, మెయిన్ రోడ్డు మీదికి తీసుకురావద్దని చెప్పి పంపేశారు. ఏ నిబంధన ప్రకారమో చెప్పలేదు, కాగితం ఇవ్వలేదు. రిజిస్ట్రేషను చేయించుకుందామని వేరే కార్యాలయానికి వెళితే, ఇంజను లేనిదానికి రిజిస్ట్రేషను మా పని కాదన్నారు. అదే రాసివ్వండి, స్టేషనులో చూపించుకుంటానంటే రాయడానికి తమకి అధికారం లేదన్నారు. మూడోచోట, కాలవ గట్టు మీద కొత్తగా వేసిన నడక, సైకిలు బాట మొదట్లో మోటారు సైకిళ్లు రాకుండా ఇనప గుంజలు పాతారు. మధ్య ఖాళీ 60 సెంటీమీటర్లు. నా బండి దూరదు. చక్రాల కుర్చీ కూడా దూరదు. ఒకరోజు నా కళ్ల ముందే కుర్చీలో వచ్చిన ఒక పెద్దావిడ, గుంజల దగ్గర కాసేపు ఆగి, కొడుకుతో "పోనీలే నాన్నా, ఇంటికెళదాం" అని వెనక్కి తిరిగిపోయారు.

నా ఒక్కడి బండి కోసమైతే ఇంత రాసేవాణ్ని కాదు. మీ కాగితం రాకపోవడం వల్ల ఎవరెవరికి నష్టమో చూడండి.

1. పారిశుద్ధ్య కార్మికులు. చిన్న సందుల్లో చెత్త ఎత్తే మూడు చక్రాల తొక్కుడు బళ్లు ఇంకా నడుస్తున్నాయి. తొక్కేవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. పొద్దున్నే మొదలైనా పదకొండు దాటే దాకా పని తెమలదు. 2015 మే నెలలో వడగాడ్పులకి మన రెండు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఎండన పడి పనిచేసేవాళ్లే ఎప్పుడైనా ముందు బలవుతారు. ఆ తర్వాత ప్రతి వేసవీ మీరు జాగ్రత్తలు ప్రకటిస్తున్నారు, చలివేంద్రాలు పెడుతున్నారు, మంచిదే. మీ సొంత బళ్లకే కప్పు లేదు. మా వీధికి వచ్చే అమ్మాయి బండికి మేం నాలుగు పైపులు, ఒక రేకు, తడిక వేసి కప్పు బిగించాం. తొమ్మిది కిలోల బరువు, పైపులతో సహా 1,900 రూపాయలు. పది రోజుల తర్వాత పైవాళ్లు తీసేయమన్నారని, వచ్చి మళ్లీ విప్పించుకుంది. బోల్టులు విప్పుతున్నంతసేపూ ఆ అమ్మాయి ఒక్క మాటా మాట్లాడలేదు.

2. దివ్యాంగులు. ప్రభుత్వ పథకాల్లో ఇచ్చే, చేత్తో తిప్పే ట్రైసైకిళ్లు నేను చూసినవాటిలో ఒక్కదానికీ కప్పు లేదు. మిగతావాళ్లయితే గొడుగు పట్టుకుంటారు. ఒక చెయ్యి పెడలు తిప్పుతూ ఇంకో చెయ్యి హ్యాండిలు పట్టుకున్న మనిషి గొడుగు దేనితో పట్టుకుంటాడు? మా పేటలో పోలియో వచ్చిన తమ్ముడొకడు లాటరీ టిక్కెట్ల కాలం నుంచి ఇప్పటి మొబైలు రీఛార్జీల దాకా ఆ బండి మీదే బతుకు వెళ్లదీశాడు. వాన పడితే ఆ రోజు వ్యాపారం లేనట్టే. సీటు తడుస్తుంది, సరుకు తడుస్తుంది, తడిసిన చేతిలో పెడలు జారుతుంది.

3. చిన్న వ్యాపారులు. కూరలు, అరటిపళ్లు, పాత ఇనుము, గ్యాసు పొయ్యిల రిపేరు, వీటన్నిటికీ తొక్కుడు బండే ఆధారం. ఆటో ట్రాలీ కొంటే నెల నెలా కిస్తీ మెడకి చుట్టుకుంటుంది. కప్పు వేసుకుంటే ఎవరు ఏమంటారోనన్న భయంతో చాలామంది సరుకు మీద గోనెపట్టా కప్పి తాము ఎండలో ఉంటారు.

4. నా వయసువాళ్లు. తూలి పడతామన్న భయంతో 60 దాటాక సైకిలు మూలన పెట్టేస్తాం. మూడో చక్రం ఉంటే ఇంకో పదేళ్లు మా పనులు మేం చేసుకోగలం, బజారుకి ఎవరినీ బతిమాలక్కర్లేదు.

ఈ బండి అన్నిటికీ పనికొస్తుందని నేను చెప్పను. విశాఖ లాంటి ఎత్తుపల్లాల ఊరికి మోటారు సాయం లేకుండా కష్టం. నాకూ బండికీ కలిపి 105 కిలోలు. 100 మీటర్లకి 3 మీటర్లు లేచే వంతెన మీద నేను గంటకి 6 కిలోమీటర్లు మించి పోలేను, వెనక హారన్లు మోగుతూనే ఉంటాయి. తుఫాను గాలికి కప్పు తెరచాపలా పట్టుకుంటుంది, అలాంటి రోజు నాలుగు బోల్టులు విప్పి ఇంట్లో పెట్టేస్తాను. విదేశీ బళ్లంత కిందికి సీటు పెడితే మన బస్సు డ్రైవర్లకి కనపడం. అందుకే నాది నేల నుంచి 50 సెంటీమీటర్లు పెట్టి, వెనక ఎర్ర జెండా, రాత్రికి లైట్లు, మెరిసే స్టిక్కర్లు వేశాను. హైవే మీదికి వెళ్లను, వెళ్లకూడదు కూడా. కానీ బజారు, బడి, ఆసుపత్రి, బ్యాంకు, గుడి, ఇవన్నీ అయిదు కిలోమీటర్ల లోపే ఉన్న చదును ఊళ్లు మన దగ్గర ఎన్ని లేవు? ఆ తిరుగుళ్లకి ఇంతకంటే ఏం కావాలి?

చట్టం కూడా అడ్డు రాదు. 1988 మోటారు వాహనాల చట్టం యంత్రశక్తితో నడిచే బళ్ల గురించి. కాళ్లతో తొక్కేది దాని కిందికి రాదు, కప్పున్నా లేకున్నా. చిన్న మోటారు సాయం పెట్టుకున్నా సరే, 250 వాట్ల లోపు శక్తి, గంటకి 25 కిలోమీటర్ల లోపు వేగం, 60 కిలోల లోపు బరువు ఉంటే దాన్ని మోటారు వాహనంగా లెక్కించరని కేంద్ర నిబంధనలే చెబుతున్నాయి. దిల్లీలో సైకిల్ రిక్షాలు 99 వేలకి మించకూడదన్న పరిమితిని 2010లో అక్కడి హైకోర్టు కొట్టేసింది. కేంద్రం సైకిళ్ల మీద జీఎస్టీని 2025 సెప్టెంబరులో 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించింది. వీటన్నిటి తర్వాత కూడా సెంటర్లో నిలబడ్డ కానిస్టేబుల్ చేతిలో ఏమీ లేదు. ఆయన తప్పు కూడా కాదు, ఆయనకి ఎవరూ చెప్పలేదు.

నీడ విలువ మీకు తెలియదని నేను అనడం లేదు. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాట మీద సౌర ఫలకాలతో కప్పు వేసి 2023 అక్టోబరులో ప్రారంభించారు. తొక్కేవాడికి నీడ కావాలని దాని ద్వారా ప్రభుత్వమే ఒప్పుకుంది. అన్ని ఊళ్లలో, అన్ని వీధుల మీద అలా కప్పు వేయలేం. బండి మీద వేసుకోవచ్చు, 1,900 రూపాయలకి.

అందుచేత మా డిమాండ్లు ఇవి:

1. కాళ్లతో గానీ చేతులతో గానీ తొక్కే బండికి కప్పు, అద్దం, పరదా ఉన్నా దాన్ని సైకిలుగానే చూడాలని, నంబరు, లైసెన్సు, బీమా అడగరాదని రవాణా శాఖ, పోలీసు శాఖ కలిసి తెలుగులో ఒక సర్క్యులర్ ఇవ్వాలి. ప్రతి ట్రాఫిక్ స్టేషనులో అంటించాలి. వెడల్పు, ఎత్తు, లైట్లు, బ్రేకుల విషయంలో హద్దులు పెట్టండి, వాటికి లోబడే ఉంటాం.

2. వచ్చే ఫిబ్రవరి ఆఖరుకి మున్సిపాలిటీల తొక్కుడు చెత్త బళ్లన్నిటికీ, తొక్కే మనిషి తల మీద నీడ పడేలా కప్పు బిగించాలి. ఏప్రిల్లో టెండరు పిలిస్తే వానాకాలానికి గానీ రేకులు రావు.

3. ఇకపై ఇచ్చే చేతి ట్రైసైకిళ్లకి కప్పు, పరదా తప్పనిసరి చేయాలి. ఇప్పటికే ఇచ్చినవాటికి మండల కేంద్రంలో శిబిరం పెట్టి బిగించాలి.

4. సైకిలు బాటల మొదట్లో గుంజల మధ్య ఒక్క చోటైనా 1.2 మీటర్లు వదలాలి. మోటారు సైకిళ్లు దూరతాయన్న అభ్యంతరం నాకు తెలుసు. వాటిని ఆపడానికి కుర్చీలో వచ్చే పెద్దావిడని ఆపడం న్యాయం కాదు.

5. స్పీడు బ్రేకర్లు, దేశంలో రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలతల్లో వేయాలి. గంటకి 25 కిలోమీటర్ల వేగానికి 10 సెంటీమీటర్ల ఎత్తు, మూడున్నర మీటర్లకి అటూ ఇటూగా వెడల్పు ఉన్న గుండ్రటి గట్టు. అలాంటిది ఏ బండైనా మెల్లగా ఎక్కి దిగుతుంది. మా వార్డులో వేసినవి అర మీటరు వెడల్పులో దిమ్మల్లా ఉన్నాయి. సైకిలు రిమ్ములు వంకరపోతున్నాయి, నిండు గర్భిణులు ఆటోల్లో ఎగిరి పడుతున్నారు.

6. సరుకు మోసే తొక్కుడు బండికి మోటారు సాయం పెడితే ఆ 60 కిలోల హద్దు దాటిపోతుంది. అది దాటితే ఈ-రిక్షా, ఈ-కార్టుల రిజిస్ట్రేషనే గతి. ఈ రెండింటికీ నడుమ, కూరల బండివాడికి సరిపోయే ఒక తరగతి కావాలని రాష్ట్రాలు కేంద్రానికి రాయాలి.

7. ప్రతి జిల్లాలో ఒక ఐటీఐకి, ఫిట్టరు, వెల్డరు పిల్లల ప్రాజెక్టుగా ఏడాదికి పది కప్పు బళ్లు తయారు చేసే పని అప్పగించండి. డ్రాయింగులు నా దగ్గర ఉన్నాయి, ఉచితంగా ఇస్తాను. పిలిచిన చోటికి వచ్చి నేర్పుతాను, టీఏ, డీఏలు అక్కర్లేదు.

నెల రోజులు చూస్తాం. ఈలోగా మొదటి డిమాండు మీద లిఖితపూర్వకంగా జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడుగుతాం, అవసరమైతే కోర్టుకీ వెళతాం. కానీ ముందుగా మీలో ఎవరైనా ఒకరు మా ఊరు రండి. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి రండి. చెత్త బండి ఒకటి, నా బండి ఒకటి పక్కపక్కన పెడతాను. రెండూ ఒక్కొక్క కిలోమీటరు తొక్కి చూసి, తర్వాత ఫైలు మీద ఏం రాయాలో మీరే రాయండి.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత ఐటీఐ శిక్షకుడు
(తోటి తొక్కుడు బండ్ల వాళ్ల తరఫున కూడా)